వోల్టులతో మనోధర్మం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

క్రితం సంచికలో, పాత అనలాగ్ సింథసైజర్ల మీదా మాడ్యూళ్లనే విడి భాగాలను తీగలతో కలిపి వాయించే మాడ్యులర్ పెట్టెల మీదా ముందుగా కట్టిన పాటేదీ లేకుండా వేదిక మీదే సంగీతం అల్లుకుంటూ పోవడం గురించి రాశాను. చాలామంది ప్రశ్నలు పంపారు. కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. నేను విజయవాడలో గాత్రం నేర్చుకుని, ఆర్కెస్ట్రాల్లో చాలాకాలం కీబోర్డు వాయించి, ఆ తర్వాత ఈ దారికి వచ్చినదాన్ని. అందుకే నా జవాబుల్లో సర్క్యూట్ల పక్కనే రాగాలూ కనిపిస్తాయి.

తెనాలి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: మాడ్యులర్ కచేరీల వీడియోలు చూస్తుంటానండీ. తీగలు గుచ్చుతారు, నాబ్‌లు తిప్పుతారు, ఏదో ఒక శబ్దం వస్తుంది. వచ్చిందల్లా వినిపించడమేనా? దీన్ని వాయించడం అనొచ్చా?

అనొచ్చు తమ్ముడూ. కానీ ఆ వీడియోల్లో కనిపించేది సగమే. మిగతా సగం కచేరీకి ముందే ఇంట్లో జరిగిపోతుంది.

1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్, సంగీతకారుడు హెర్బ్ డాయిచ్‌తో కలిసి తన మాడ్యులర్ సింథసైజర్ మొదటి నమూనా తయారుచేశాడు. ఇంచుమించు అదే కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాన్ బుక్లా మరోటి కట్టాడు. మోగ్ తన యంత్రానికి పియానో మెట్లు పెట్టాడు. బుక్లా వాటిని కాదని, వేలు ఆనితే పలికే పలకలు పెట్టాడు. ఇద్దరి పునాదీ మాత్రం ఒకటే: శబ్దంలోని ప్రతి గుణాన్నీ వోల్టేజీతో నడపవచ్చు. ఆసిలేటర్ స్వరాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ దాని ఓవర్‌టోన్‌లను, అంటే స్వరం వెంట మోగే పై స్వరాలను, కోస్తుంది. వీసీఏ, అంటే వోల్టేజీతో నడిచే యాంప్లిఫయర్, ఎంత గట్టిగా వినబడాలో చూస్తుంది. ఎన్వలప్ ఆ స్వరం ఎలా మొదలై ఎలా తగ్గాలో చెబుతుంది. వీటిలో దేన్ని దేనితో కలపాలో తేల్చే హక్కు మనదే. మెట్టు మెట్టుగా వోల్టేజీలు పంపే సీక్వెన్సర్ నుంచి వచ్చే వోల్టేజీ ఇప్పుడు స్వరాన్ని మారుస్తుంది. అదే తీగ తీసి ఫిల్టర్‌కు గుచ్చితే స్వరం కదలకుండా నాదం రంగు మాత్రమే మారుతుంది.

ఇంత స్వేచ్ఛ ఉండటమే చిక్కు. కల్యాణి పాడటానికి కూర్చున్న విద్వాంసుడు ఏ సంగతి ఎక్కడ వేయాలో ముందు నిర్ణయించుకోడు, కానీ కల్యాణి అని మాత్రం నిర్ణయించుకునే కూర్చుంటాడు. ఆ గీత ఉంది కాబట్టే లోపల అంత విహారం. మాడ్యులర్‌లో ఆ గీత ఎవరూ గీసి ఇవ్వరు. ఇంట్లో కట్టుకెళ్లే ప్యాచే, అంటే తీగల, నాబ్‌ల అమరికే, మన రాగం.

నా అమరిక చెబుతాను. ఒక ఆసిలేటర్ షడ్జమం పట్టుకుని ఉంటుంది. రెండోది సీక్వెన్సర్ చెప్పినట్టు నడుస్తుంది. మూడో గొంతు నాయిస్ జనరేటర్ నుంచి వచ్చే తాళం. మూడూ వేర్వేరు వీసీఏల గుండా మిక్సర్‌కు వెళ్తాయి, ఏదైనా క్షణంలో ఏ ఒక్కదాన్నైనా మూసేయవచ్చు. ఇక నాకున్న నియమం ఒక్కటే: చేసిన ప్రతి మార్పుకూ వెనక్కి వచ్చే దారి ఉండాలి. సాంపుల్ అండ్ హోల్డ్ నుంచి వచ్చే యాదృచ్ఛిక వోల్టేజీని ఫిల్టర్‌కు నేరుగా గుచ్చను. మధ్యలో వోల్టేజీని తగ్గించే అటెన్యుయేటర్ ఒకటి పెట్టి దాన్ని సున్నా దగ్గర ఉంచుతాను. కావాలనిపించినప్పుడు రవ్వంత తెరుస్తాను, బాగుంటే ఇంకొంచెం తెరుస్తాను, నచ్చకపోతే సున్నాకు తెస్తాను. వినేవాళ్లకు అది వచ్చి వెళ్లిన ఒక సంగతిలా ఉంటుంది. వేదిక మీద పరుగున తీగలు పీకి గుచ్చడం చూడటానికి బాగుంటుందేమో, చెవికి మాత్రం అరుదుగా మేలు చేస్తుంది.

ఇంకొకటి. టామ్ విట్‌వెల్ రూపొందించిన ట్యూరింగ్ మెషీన్ అనే మాడ్యూల్ ఉంది. దాని పెద్ద నాబ్ మధ్యలో ఉంటే స్వరాలు యాదృచ్ఛికంగా వస్తూ పోతాయి. కుడివైపు చివరికంటా తిప్పితే ఆ క్షణంలో నడుస్తున్న వరుస అలాగే బిగిసి, మళ్లీ మళ్లీ అదే వస్తుంది. చివరికి కాస్త ముందు ఆపితే ఆ వరుస అప్పుడప్పుడూ ఒక్క స్వరం మార్చుకుంటుంది. ఎప్పుడు బిగించాలి అన్నది యంత్రం చెప్పదు. వింటూ కూర్చుని, మంచి పలుకు రాగానే చటుక్కున పట్టుకోవాలి. నీ ప్రశ్నకు నా జవాబు ఈ పట్టుకోవడంలోనే ఉంది. పుట్టించడం యంత్రం కూడా చేయగలదు, ఎంచుకునేది చెవి. ఆ చెవి సాధన లేకుండా రాదు.

విశాఖపట్నం: మా మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన రోలాండ్ ఎస్‌హెచ్-101 సింథసైజర్ నాకిచ్చారు. మొదలుపెట్టిన కాసేపటికే శ్రుతి జారిపోతోంది. కచేరీలో వాడగలనా? చెడిపోయిందా?

ముందుగా, మీ మామయ్యగారు మంచి వస్తువు ఇచ్చారు. 1982 నాటిది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, 100 మెట్ల సీక్వెన్సర్ లోపలే ఉంది. వేదిక మీద అప్పటికప్పుడు అల్లడానికి ఇంత తేలికగా లొంగే పాత యంత్రాలు తక్కువ.

శ్రుతి ఎందుకు జారుతుందో చెబుతాను, తెలిస్తే భయం పోతుంది. ఈ యంత్రాల్లో ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పెరుగుతుంది. స్థాయి పెరగడమంటే పౌనఃపున్యం రెట్టింపు కావడం. కూడికను రెట్టింపుగా మార్చే పని ట్రాన్సిస్టర్లది. ఆ గుణం వేడిని బట్టి డిగ్రీకి దాదాపు 0.33 శాతం మారుతుంది. చిన్న అంకెలా ఉంది కదా? సరిదిద్దే ఏర్పాటు లేని సర్క్యూట్‌లో, ఆధార స్వరానికి నాలుగు స్థాయిల దూరంలో ఉన్న స్వరం ఒక్క డిగ్రీకే 16 సెంట్లు కదులుతుంది. ఒక స్వరస్థానానికి 100 సెంట్లు. వేదిక దీపాల కింద పది డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర స్వరస్థానం పోయినట్టే.

అయితే మీ 101లో ఉన్న కర్టిస్ చిప్‌లో ఈ సరిదిద్దే ఏర్పాటు ఉంది. కాబట్టి వేడెక్కేదాకా కొంచెం జారడం సహజం, అరగంట దాటాక కూడా జారుతూనే ఉంటే అనుమానించాలి. మొదట అడాప్టర్ చూడండి. వేరేదాని అడాప్టర్ పెట్టి నడిపేవాళ్లు చాలామంది. వోల్టేజీ, ప్లస్ మైనస్‌ల దిశ యంత్రం వెనక రాసి ఉన్నట్టే ఉండాలి. తర్వాత పాత కెపాసిటర్లు. నలభై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను చూపించుకోవడం తప్పు కాదు. లోపలి ట్రిమ్మర్లను, అంటే చిన్న సర్దుబాటు స్క్రూలను, మీరే స్క్రూడ్రైవర్‌తో తిప్పకండి. పాత సింథ్‌లు బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. మీది సముద్రపు గాలి ఊరు, 101 నిండా స్లైడర్లు. వాడనప్పుడు గుడ్డ కప్పి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో ఉంచండి.

కచేరీ రోజున అరగంట ముందే స్విచ్ వేయండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. శ్రుతి చేయడం చివరి పని. ట్యూనర్ కంటే చెవే నయం: తంబూరా పక్కన స్వరాన్ని ఉంచితే తేడా అలల్లా వినిపిస్తుంది. ఒకటి 440, మరోటి 442 హెర్ట్జ్ ఉంటే సెకనుకు రెండు అలలు. అలలు నెమ్మదించి ఆగేదాకా ట్యూన్ స్లైడర్ కదపండి.

మధ్యలో జారితే? నేనైతే దాచను. షడ్జమం పట్టిన గొంతును తగ్గించి, జారిన గొంతునే కాసేపు ఒంటరిగా నడవనిచ్చి, ఆ సందులో సరిచేసి, మళ్లీ షడ్జమం తెరుస్తాను. ఒక్కోసారి ఆ రెండు అలలే బాగుంటాయి, ఉంచేస్తాను.

మీకు పనికొచ్చే మరో మాట: 101 వోల్టుకు ఒక స్థాయి పద్ధతి పాటిస్తుంది, జాక్‌లు కూడా 3.5 మిల్లీమీటర్లవే. కాబట్టి యూరోర్యాక్ అనే కొలతల పద్ధతిలో తయారైన మాడ్యూళ్లతో నేరుగా కలుస్తుంది. నా దగ్గరున్న 1978 నాటి కోర్గ్ ఎంఎస్-20 అలా కలవదు. దాని లెక్క వోల్టుకు ఇన్ని హెర్ట్జ్ అని ఉంటుంది, మధ్యలో కన్వర్టర్ కావాలి.

కాకినాడ నుంచి ఒక వయొలిన్ ఉపాధ్యాయురాలు: వీటి మీద రాగం పలుకుతుందా? గమకం లేకుండా స్వరాలు వాయిస్తే అది రాగమెలా అవుతుంది?

అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నేను ఎక్కువగా తల పట్టుకున్నది దీని మీదే.

స్వరస్థానాలు సులువు. ఒక స్థాయి ఒక వోల్టు కాబట్టి ఒక్కో స్వరస్థానానికి దాదాపు 83 మిల్లీవోల్టులు. హంసధ్వని కావాలంటే షడ్జమం నుంచి చతుశ్శ్రుతి రిషభానికి 0.167, అంతర గాంధారానికి 0.333, పంచమానికి 0.583, కాకలి నిషాదానికి 0.917 వోల్టులు. క్వాంటైజర్ అనే మాడ్యూల్‌కు ఈ ఐదే చెబితే, ఎలాంటి వోల్టేజీ వచ్చినా దగ్గరి స్వరానికి లాగి పెడుతుంది. యాదృచ్ఛిక వోల్టేజీ పంపినా హంసధ్వని గీత దాటదు.

గమకం దగ్గర కథ మారుతుంది. చాలామంది వోల్టేజీని నెమ్మదిగా ఒకే తీరున ఊపే ఎల్ఎఫ్‌ఓ పెట్టి స్వరాన్ని ఊపేసి కంపితం అంటారు. నేను ఒప్పుకోను. తోడి గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది, ఆ ఊపు వేగం ఒక్కటిగా ఉండదు. ఎక్కడ నిలబడాలి, ఎంత దూరం వెళ్లాలి అన్నది ముందు వచ్చిన స్వరాన్ని బట్టీ తర్వాత రాబోయేదాన్ని బట్టీ మారుతుంది. ఎల్ఎఫ్‌ఓకు ముందూ వెనకా తెలియదు. చేతితోనే చేయాలి. క్వాంటైజర్‌ను తప్పించి, రిబ్బన్ కంట్రోలర్ అనే పట్టీ మీద వేలు జరిపితే జారు వస్తుంది. స్లూ లిమిటర్ అనే మాడ్యూల్ ఒక వోల్టేజీ నుంచి మరోదానికి దూకకుండా జారేలా చేస్తుంది. దాని సమయాన్ని ఒక చేత్తో మారుస్తూ మరో చేత్తో స్వరం వాయిస్తే కొంతవరకు దగ్గరికి వెళ్లవచ్చు. నా తోడి ఇప్పటికీ మీ విద్యార్థుల తోడికి సాటిరాదు. అందుకే సీక్వెన్సర్‌కు మోహనం, హంసధ్వని లాంటివి ఇస్తాను. తోడి లాంటి రాగమైతే సీక్వెన్సర్ ఆపేసి, షడ్జమం ఒక్కటే ఉంచుకుని, రిబ్బన్ మీద ఆలాపనగానే వెళ్తాను.

తాళం సంగతి చాలా హాయి. యూరోర్యాక్ సీక్వెన్సర్లు ఎక్కువగా 8, 16 మెట్లవి. వాటికి మళ్లీ మొదటి మెట్టుకు తెచ్చే రీసెట్ జాక్ ఉంటుంది. ఏడో మెట్టు అయ్యాక రీసెట్ అందేలా చేస్తే మూడూ నాలుగుగా మిశ్రచాపు నడుస్తుంది. ఐదుకు చేస్తే ఖండచాపు. వేగాన్ని నడిపే ఒకే క్లాక్ మీద ఒక సీక్వెన్సర్‌ను ఏడుకూ మరోదాన్ని ఎనిమిదికీ పెడితే రెండూ 56 మెట్ల తర్వాతే మళ్లీ సమంలో కలుస్తాయి. ఆ కలయికకు సరిగ్గా ఫిల్టర్ తెరవడమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. కల్పన స్వరం వేసి ఎడుపుకు, అంటే పాట ఎత్తుకునే చోటుకు, వచ్చిపడినప్పుడు మీకు కలిగే ఆనందమే అది.

న్యూజెర్సీ: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. యూరోర్యాక్ మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏ మాడ్యూళ్లు కొనాలి?

ముందు ఏదీ కొనకండి. వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, 2017 నుంచి ఉంది. కంప్యూటర్ తెర మీదే మాడ్యూళ్లు పెట్టి తీగలు కలపవచ్చు. కొన్ని నెలలు దాని మీద ఒకే ప్యాచ్‌తో రోజూ వాయించండి. మీకు ఏది లేకపోతే తోచడం లేదో అప్పుడు తెలుస్తుంది, అదే కొనండి.

కొనేటప్పుడు: యూరోర్యాక్ పద్ధతిని జర్మనీకి చెందిన డీటర్ డెఫర్ 1990ల మధ్యలో తన ఏ-100తో తెచ్చాడు. మాడ్యూల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పును హెచ్‌పీల్లో కొలుస్తారు, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. 84 హెచ్‌పీల ఒక్క వరుస పెట్టె చాలు. ప్రతి మాడ్యూల్ ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల మీద ఎన్ని మిల్లీయాంపులు తాగుతుందో కూడి, పవర్ సప్లై సామర్థ్యంలో కొంత మిగిలేలా చూసుకోండి. రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వైపు ఉండాలి. తిరగేసి పెడితే మాడ్యూల్ కాలిపోవచ్చు. స్విచ్ వేసేముందు ప్రతిసారీ చూడండి.

అందరూ ఆసిలేటర్ల మీద డబ్బు పోస్తారు. వేదిక మీద మిమ్మల్ని కాపాడేవి అటెన్యుయేటర్లు, వీసీఏలు, మ్యూట్ స్విచ్‌లు, మంచి మిక్సర్. నేనైతే ఒక ఆసిలేటర్ తగ్గించి వీటిని కొంటాను.

వరంగల్: మన దేశంలో ఇంతకుముందు ఎవరైనా చేశారా, లేక ఇది పూర్తిగా పాశ్చాత్యమా?

చేశారు, అదీ చాలా ముందే. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ మాడ్యులర్‌తో ఒక స్టూడియో వెలిసింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నెలకొల్పాడు. దాని వెనక గీతా సారాభాయ్ ఉన్నారు. అంతకు రెండు దశాబ్దాల ముందే న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం చెప్పి, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి ఆమె. జిన్‌రాజ్ జోషిపురా, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్ ఆ స్టూడియోలో పనిచేశారు. టేపులు దశాబ్దాలపాటు సంస్థ భాండాగారంలోనే ఉండిపోయాయి. బ్రిటన్ కళాకారుడు పాల్ పుర్గస్ వాటిని వెలికితీశాక 2023లో ఎంపికచేసిన కొన్ని రికార్డుగా వచ్చాయి. దొరికితే వినండి. ఆ యంత్రం చుట్టూ అప్పుడే ఒక తరం తయారై ఉంటే మన సంగీతం ఇంకెక్కడ ఉండేదో అని నాకు దిగులుగా ఉంటుంది.

1982లో బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ జూపిటర్-8, టీబీ-303 సింథసైజర్లు, టీఆర్-808 డ్రమ్ మెషీన్ పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత ప్రపంచం ఆశ్చర్యపోయి వింది.

రాజమహేంద్రవరం నుంచి ఒక అమ్మ: మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. ఇప్పుడు సింథసైజర్ కావాలంటోంది. శ్రుతిజ్ఞానం పాడవుతుందా? ఆడపిల్లలు ఇందులో ఉన్నారా?

శ్రుతిజ్ఞానం పాడవదమ్మా. వయొలిన్ మానకుండా చూడండి, అంతే. రెండు ఆసిలేటర్లను అలలు ఆగేదాకా కలపడం శ్రుతికి మంచి సాధన కూడా.

ఆడవాళ్ల మాటకొస్తే, బీబీసీలో ఎలక్ట్రానిక్ శబ్దాలు తయారుచేసే రేడియోఫోనిక్ వర్క్‌షాప్ 1958లో మొదలవడానికి పట్టుబట్టినవాళ్లలో డాఫ్నీ ఓరమ్ ఒకరు. డెలియా డెర్బిషైర్ అక్కడే పనిచేసింది. ఫ్రాన్స్‌లో ఎలియాన్ రాడిగ్ ఏఆర్‌పీ 2500 సింథసైజర్ ఒక్కదానితో దశాబ్దాలపాటు అతి నెమ్మదైన సంగీతం కట్టింది. సుజాన్ చాని 1970లలోనే న్యూయార్క్‌లో బుక్లా మీద కచేరీలు చేసింది, పెద్ద వయసులో మళ్లీ అదే వాద్యంతో వేదిక ఎక్కింది. మీ అమ్మాయికి ఈ పేర్లు చెప్పండి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే పైన చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టించండి, ఖర్చు లేదు.

నిజామాబాద్: మా కాలేజీ ఉత్సవంలో తొలిసారి వాయించబోతున్నాను. ఎంతసేపు వాయించాలి? మధ్యలో కరెంటు పోతే? ఎలా ముగించాలి?

ఇరవై నిమిషాలు చాలు. అది దాటాక కొత్త చెవులకు కొత్త విషయం కావాలి, దాన్ని ఆ ఒత్తిడిలో కనిపెట్టడం కష్టం.

కరెంటు గురించి: చిన్న యూపీఎస్ పెట్టుకోండి. అది లేకపోయినా అనలాగ్‌కు ఒక వరం ఉంది. ప్యాచ్ అంతా నాబ్‌ల స్థానాల్లో, తీగల్లో ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే దాదాపు అదే శబ్దం తిరిగి వస్తుంది. అందుకే మిక్సర్ ఫేడర్‌ను ముందు కిందికి దించండి, లేకపోతే వచ్చే క్షణంలో స్పీకర్లు ఢామంటాయి. షడ్జమం తెరిచి, శ్రుతి చూసుకుని, సీక్వెన్సర్‌ను మొదటి మెట్టు నుంచి నడిపించండి. హాల్లో 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం వస్తుంటే మిక్సర్‌కు వెళ్లేచోట డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడండి. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా పీకకండి, ప్రాణాపాయం.

ముగింపును ముందే సాధన చేయండి. మధ్యలో ఏం జరుగుతుందో తెలియకపోవచ్చు, చివరికి చేరే దారి తెలిసి ఉండాలి. నేను మొదట తాళం మూస్తాను. తర్వాత క్లాక్ డివైడర్‌తో సీక్వెన్సర్‌ను సగం వేగానికి, ఆపైన పావుకు దించి, సమం మీద ఆపుతాను. మిగిలిన షడ్జమం మీద ఫిల్టర్ నెమ్మదిగా మూసి ఫేడర్ దించుతాను. సీక్వెన్సర్‌ను ఎక్కడపడితే అక్కడ ఆపితే కరెంటు పోయిందనుకుంటారు.

తీగలు అదనంగా పట్టుకెళ్లండి, ఒక టార్చిలైటు కూడా. ప్రతి తీగకూ రంగు టేపు చుట్టి, ఏ గొంతుదో గుర్తు పెట్టుకోండి. మిక్సర్ నుంచి నేరుగా రికార్డు చేసి పత్రిక చిరునామాకు పంపండి. విని రాస్తాను.